చుక్క మిగలని గిన్నెలు

కితకత,
డిసెంబరు మొదటి వారం

మినె అక్కకు,

ఇసావో నమస్కారాలు. నువ్వు పంపిన సముద్రపు నాచు పొట్లం అందింది. ఫోనులో నీకు సగం వినబడదు, వినబడిన సగానికీ వాదన పెట్టుకుంటావు. అందుకే రాస్తున్నాను. బావకి నడుం నొప్పి తగ్గిందా?

ఇక్కడ మంచు మొదలైంది. పొద్దున్నే లేచి గుమ్మం ముందు పార పట్టాలి, ఆ తర్వాత పొయ్యి వెలిగించాలి. నాన్న పోయి ఇన్నేళ్ళయినా దుకాణం పనుల వరస మారలేదు. మొన్న నవంబరులో ఆయన సంవత్సరీకానికి నువ్వు వచ్చి వెళ్ళాక ఇల్లు మరీ బోసిపోయింది. ఉన్న నాలుగు రోజులూ నన్ను తిడుతూనే ఉన్నావు గానీ, తిట్టే మనిషి లేకపోయినా తోచదు.

మన రామెన్ నూడుల్స్ దుకాణం సంగతి చెబుతాను, సంతోషిస్తావు. ఈ మధ్య గిన్నెలన్నీ ఖాళీగా వస్తున్నాయి. పొద్దున్నే దుకాణం తెరిచిన గుర్తుగా గుమ్మానికి తెర కట్టడమే ఆలస్యం, మన పాతవాళ్ళందరూ వచ్చేస్తారు. తినడం అవగానే గిన్నె ఎత్తి కౌంటరు గట్టు మీద పెట్టి, తాము కూర్చున్న చోటు తామే గుడ్డతో తుడిచి, "మంచి తిండి పెట్టావు" అని వెళ్ళిపోతారు. ఇదివరకు సగం గిన్నెల్లో చారు మిగిలేది. రక్తపోటువాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు, ఎవరి కారణం వాళ్ళది. ఇప్పుడు బోర్లిస్తే చుక్క రాలడం లేదు.

నిహేయ్ గారి గిన్నె కూడా. అదే, మన దుకాణం గోడలకు సున్నం పూసిన నిహేయ్ గారు. గుండె బలహీనం, రామెన్ చారు ముట్టుకోవద్దని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఇన్నాళ్ళూ నూడుల్స్ తినేసి, చేతులు జోడించి, "క్షమించవోయ్ ఇసావో, నాకూ చారుకీ విడాకులైపోయాయి" అని గిన్నె పెట్టేవాడు. ఇప్పుడు ఆయనే రెండు చేతులా గిన్నె ఎత్తి గటగటా తాగేస్తున్నాడు. "మరి డాక్టరు వద్దన్నాడుగా?" అన్నాను. "డాక్టరు నీ చారు తాగి చూళ్ళేదుగా" అన్నాడు. అక్కా, ఈ వయసులో ఇలాంటి మాట వింటాననుకోలేదు. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద లేవు.

ఇంకో వింత. మనవాళ్ళు ఈ మధ్య పెద్దమనుషులైపోయారు. దుకాణం దద్దరిల్లేలా జుర్రుకునేవాళ్ళు కాస్తా చప్పుడు లేకుండా చిన్న చిన్న ముద్దలు తింటున్నారు. మంచినీళ్ళ కూజా మాత్రం మాటిమాటికీ నింపాల్సి వస్తోంది. లోపల పొయ్యి వేడి మరి.

అక్టోబరులో పట్టిన జలుబు పూర్తిగా పోయింది. బెంగపెట్టుకోకు.

తమ్ముడు ఇసావో


సాదో దీవి,
డిసెంబరు చివర

ఒరేయ్ ఇసావో,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి మీ బావకు చదివి వినిపించాను. "మీ తమ్ముడు మంచులో కూడా చెమట పట్టేలా గొప్పలు రాస్తాడే" అన్నారు. నడుం తగ్గింది, నోరు తగ్గలేదు.

గిన్నెలు ఖాళీ అవుతున్నాయంటే మంచిదే. కానీ నిహేయ్ గారి గిన్నె ఎందుకు ఖాళీ అవుతోంది? పొగిడాడని మురిసిపోతున్నావు గానీ, గుండె జబ్బు మనిషి చారు తాగుతుంటే చూస్తూ ఊరుకుంటావా? చేతిలోంచి గిన్నె లాక్కోవాలి.

నాన్న గుర్తున్నాడా? నీలాగా జనం గిన్నెల్లోకి చూసేవాడు కాదు. వీపు తిప్పుకుని ఉల్లికాడలు తరుగుతూ చెవి మాత్రం ఇటు పారేసేవాడు. "నోరు అబద్ధమాడుద్ది. జుర్రుకునే చప్పుడు ఆడదు. వాసన బాగుంటేనే మనిషి గాలితో సహా లోపలికి లాక్కుంటాడు" అనేవాడు. చప్పుడు తగ్గి, గిన్నెల్లో చారు మిగిలిన రోజున కుండ తీసుకెళ్ళి కాలవలో కుమ్మరించి, తెర విప్పేసి పడుకునేవాడు. వారం దాకా దుకాణం తెరిచేవాడు కాదు. ఆ కోపం సంగతి మీ పాతవాళ్ళందరికీ తెలుసు.

నీ దుకాణంలో చప్పుడు తగ్గిందని నువ్వే రాశావు. సోయా రసం కొత్త కొట్టులో కొంటున్నావా? గరిటె ఏమైనా మార్చావా? ఊరికే అడుగుతున్నాను. పొద్దున్నే చారు కుండ మూత తీసినప్పుడు ఎండు చేపల వాసన ఎప్పట్లాగే తగులుతోందా?

చలిలో చెవులు కప్పుకో.

అక్క మినె


కితకత,
జనవరి మధ్య

అక్కకు,

కొత్త సంవత్సరం శుభం కలగాలి. నీ ఉత్తరం చదివాక చాలా రోజులు జవాబు రాయబుద్ధి కాలేదు.

సోయా రసం అదే కొట్టుది. గరిటె నాన్నది. నా ముక్కు నిక్షేపంలా ఉంది. అయినా నీ తృప్తి కోసం సిగ్గు విడిచి అందర్నీ అడిగాను, "చారు ఎలా ఉందండీ, ఏమైనా తేడా చేసిందా?" అని. వండినవాడే అలా మొహం మీద అడిగితే తినేవాళ్ళు ఎంత ఇబ్బంది పడతారో నీకు తెలియనిది కాదు. అడిగి నేనే తల దించుకున్నాను. నిహేయ్ గారు, "మీ నాన్న చెయ్యి దాటిపోయావురా" అన్నాడు. పక్క స్టూలు మీది బడి మాస్టారు "అవునవును" అని నీళ్ళు తాగాడు. చాలా?

మర్యాద తెలియనివాళ్ళు లేకపోలేదు. నిన్న టోక్యో నుంచి ఒక పడుచు జంట వచ్చింది. ఆ అమ్మాయి రెండు ముద్దలు తిని, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, తినే పుల్లలు గిన్నె మీద అడ్డంగా పెట్టేసి లేచింది. గిన్నె నిండుగా అలాగే ఉంది. గట్టు మీద పెట్టలేదు, చోటు తుడవలేదు. తెర దాటుతూ మొగుడి చెవిలో ఏదో గొణిగితే వాడు నవ్వాడు. చెప్పులతో చాప తొక్కినదాన్ని చూసినట్టు చూశారు మనవాళ్ళు. నేను చిన్నబుచ్చుకున్నానని కనిపెట్టాడేమో, నిహేయ్ గారు తన గిన్నె ఎత్తి ఒక్క గుక్కలో తాగేసి, అడుగు నాకు చూపించి, "టోక్యోవాళ్ళకి నాలికుంటదిటోయ్?" అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు. ఆ మనిషి చల్లగా ఉండాలి.

పాపం ఆయనకి కాళ్ళు చెప్పుల్లో పట్టడం లేదట. కొడుకు రబ్బరు బూట్లు వేసుకుని ఈడ్చుకుంటూ వస్తున్నాడు. "ముసలితనంలో పాదాలు ఎదుగుతున్నాయిరా" అని దాని మీద కూడా నవ్వించాడు.

ఇకనైనా నా చారు మీద అనుమానాలు మానెయ్.

ఇసావో


సాదో దీవి,
జనవరి చివర

ఇసావోకి,

సముద్రం బాగాలేదు. నాలుగు రోజులుగా పడవలు కదలడం లేదు. ఈ ఉత్తరం ఎప్పటికి చేరుతుందో తెలియదు.

నిహేయ్ గారి కాళ్ళు వాచాయంటే నవ్వుకునే సంగతి కాదు. గుండె నీరసించినవాళ్ళకి నీరు కాళ్ళలోకే దిగుతుంది. మా అత్తగారిని చూశాను. ఆయన్ని వెంటనే డాక్టరు దగ్గరికి పంపు. గిన్నెలో చారు సగమే పొయ్యి. అడిగితే అక్క ఆజ్ఞ అని చెప్పు.

ఆ టోక్యో అమ్మాయి ఏం గొణిగిందో నీకు వినబడినట్టు లేదు. వినబడి ఉంటే బాగుండేది.

నువ్వు ఒక నెల దుకాణం మూసి ఎక్కడికైనా వేడినీళ్ళ బుగ్గలకు పోరాదా? డబ్బు నేను పంపుతాను. మనిషివి అలిసిపోయావు. నవంబరులో చూసినప్పుడే అనుకున్నాను. తిరిగొచ్చాక అన్నీ కొత్తగా కొలుచుకుని మొదలుపెట్టవచ్చు.

ఇంకొక మాట రాద్దామని మొదలుపెట్టి ఆ కాగితం చింపేశాను. ఇది రెండో కాగితం. బావ నా కేసి చూసి, "రాసెయ్యవే, వాడేమన్నా పరాయివాడా" అన్నారు. పరాయివాడైతే ఎప్పుడో రాసేసేదాన్ని.

జాగ్రత్త.

మినె


కితకత,
ఫిబ్రవరి రెండో వారం

అక్కా,

ఇది చదివి పొయ్యిలో వెయ్యి. బావకి కూడా చదవకు.

నిన్న మాంసం ఉడికే కుండ మాడిపోయింది. నేను దానికి వీపు పెట్టి నూడుల్స్ వారుస్తున్నాను. మాస్టారు లేచి నిలబడి, "ఇసావో, ఎనక, ఎనక పొగ" అని అరిస్తే గానీ తిరిగి చూడలేదు. లోపలంతా నల్లగా కమ్ముకుంది. జనం దగ్గుతూ బయటికి పరుగెత్తారు. కునుకు పట్టిందని అబద్ధం చెప్పాను. అంత మాడినా నాకు వాసన రాలేదు అక్కా. అక్టోబరు జలుబు పోతూ పోతూ నా ముక్కును తీసుకుపోయింది. అప్పట్నించీ ఏ వాసనా లేదు. పొద్దున్నే కుండ మూత తీస్తే మొహానికి ఆవిరి తగులుతుంది, అంతే. ఎండు చేపలూ వేడినీళ్ళూ నాకు ఒకటే.

డాక్టరుకు చూపించుకున్నాను. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ముక్కు పోతే నాలుక కూడా సగం గుడ్డిదేనట.

ఈ సంగతి ఊళ్ళో తెలిస్తే నా పని అయిపోయినట్టే. వాసన తెలియనివాడు వండింది ఎవరు తింటారు? నాన్న కట్టిన తెర నా చేతుల మీద దిగిపోతుంది. నాకు పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, ఇంకో పని రాదు. పొద్దున్నే ఆ కౌంటరు వెనక నిలబడకపోతే నేనెందుకు నిద్ర లేవాలో నాకే తెలియదు.

కానీ నా చెయ్యి తప్పదు. ఇన్నేళ్ళుగా గిన్నె అడుగున ఉప్పటి సోయా రసం గరిటెతో కొలిచి పోసిన చెయ్యి, కళ్ళు మూసుకున్నా తప్పదు. అక్టోబరు నుంచీ చారు పల్చగా తోచి కాస్త ఎక్కువ పోస్తున్నాను. గిన్నెలు ఖాళీగా వస్తున్నంతకాలం రుచి కుదిరినట్టే కదా. ఆ గిన్నెలే ఇప్పుడు నా ముక్కూ నాలుకా.

నిహేయ్ గారు సోమవారం నుంచి రావడం లేదు. ఆయాసంగా ఉందట.

ఇసావో


సాదో దీవి,
ఫిబ్రవరి

ఇసావో,

కాస్త ఎక్కువ అన్నావు. ఎంత ఎక్కువ?

ఈ ఉత్తరం అందిన పూటే తెర విప్పెయ్. కారణం అడగకు. నిహేయ్ గారి ఇంటికి వెళ్ళి ఆయన్ని చూసి రా. పడవలు రోజూ తిరుగుతుంటే నేనే వచ్చి ఎదురుగా చెప్పేదాన్ని. నిన్న ఫోను దగ్గర కూర్చుని నీ నంబరు సగం నొక్కి పెట్టేశాను.

నాకు భయంగా ఉంది.

మినె


కితకత,
మార్చి చివర

అక్కకు,

నీ ఉత్తరం వచ్చేసరికే నిహేయ్ గారు పోయారు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందన్నారు. దహనానికి వెళ్ళాను. దుకాణానికి వచ్చే పాతవాళ్ళందరూ వచ్చారు. ఎవరూ నా కళ్ళలోకి చూడలేదు. దుఃఖంలో ఉన్నారనుకున్నాను. తెర విప్పెయ్యమని నువ్వు రాసింది పట్టించుకోలేదు. మర్నాడే దుకాణం తెరిచాను. అందరూ వచ్చారు, తిన్నారు, అడుగంటా తాగారు.

మొన్న హత్సుగారు వచ్చింది, నిహేయ్ గారి భార్య. చావింట్లో నేను ఇచ్చిన డబ్బు కవరుకి మారుగా, ఆచారం ప్రకారం టీ పొట్లం తెచ్చింది. ఇచ్చి వెళ్ళిపోతుందనుకున్నాను. ఆయన స్టూలు మీద కూర్చుని, "ఆయన తిన్నదే నాకూ పెట్టండి" అంది. పెట్టాను. ఒక ముద్ద తిన్నది. చెంచాతో చారు తీసి నోట్లో పోసుకుంది. పుల్లలు కింద పెట్టింది.

"ఉప్పు" అంది. "ఇది మనుషులు తాగేది కాదండీ."

దుకాణం నిండా జనం ఉన్నారు. ఒక్కరూ తల ఎత్తలేదు. "నిజమేనా?" అని అడిగాను. మాస్టారి గిన్నె పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. ఆయన దాన్ని మెల్లిగా కింద పెట్టాడు. నాకు ఇంకో జవాబు అవసరం లేకపోయింది.

హత్సుగారు గొంతు పెంచలేదు. "చలికాలం మొదలైన కాణ్ణించీ ఇంటికొచ్చి బిందెడు నీళ్ళు తాగేవాడండీ. ఆ చారు ఒదిలెయ్యరాదా, డాక్టరు చెప్పాడు గదా అంటే, 'వాడు కౌంటరెనక నుంచుని గిన్నెలోకే చూస్తుంటాడే, ఎట్టా మిగల్చమంటావు' అన్నాడు. 'అందరి గిన్నెలూ మిగిలితే వాళ్ళ నాన్నలాగే తెర పీకేస్తాడు. పొద్దున్నే మేమంతా యాడికి పోవాలి' అన్నాడు. ఈళ్ళందరికీ చెప్పి తాగించింది ఆయనే. నన్ను మాత్రం ఈ గడప తొక్కనివ్వలేదు. నా నోరు ఆగదని తెలుసు."

నేను కౌంటరు పట్టుకుని నిలబడ్డాను.

"మిమ్మల్నేం అనట్లేదండీ. మీకు తెలీదు. తెలిసినోళ్ళే చెప్పలా" అంది. నిండు గిన్నె ఎత్తి గట్టు మీద పెట్టి, తన చోటు శుభ్రంగా తుడిచి, నాకు తల వంచి వెళ్ళిపోయింది. ఆ పూటే తెర విప్పేశాను.

తెలిసినోళ్ళే చెప్పలా. ఆ మాట నన్ను వదలడం లేదు. నవంబరులో నువ్వు ఆ కౌంటరు దగ్గరే కూర్చుని నా చేతి రామెన్ తిన్నావు. అప్పటికి నా ముక్కు పోయి నెల దాటింది. నువ్వు చారు అడుగుదాకా తాగి, "అచ్చం నాన్న చెయ్యే" అన్నావు. ఆ తర్వాతే కదా గరిటె మార్చావా, సోయా రసం మార్చావా అని ఊరికే అడగడం మొదలుపెట్టావు.

నీకు తెలుసు. "ఇసావో, ఉప్పెక్కువైంది" అని ఒక్క ముక్క రాసి ఉంటే చాలు. నిహేయ్ గారు పరాయివాడు, మొహమాటపడ్డాడు. నువ్వు నన్ను వీపున కట్టుకుని మోసినదానివి. నా దగ్గర నీకు మొహమాటమేమిటి అక్కా?

ఇసావో


సాదో దీవి,
ఏప్రిల్ మొదట

తమ్ముడూ,

నిజమే. మొదటి గుక్కకే తెలిసింది.

గిన్నె దించి చెబుదామని తల ఎత్తాను. నువ్వు తలకి తువ్వాలు చుట్టుకుని, నాన్న నిలబడే చోట నిలబడి, చిన్నప్పుడు లెక్క చేసి పలక చూపించినట్టు నా గిన్నెకేసి చూస్తున్నావు. మళ్ళీ తల దించుకుని తాగేశాను. కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. వేడికి అన్నాను. నువ్వు నమ్మావు.

ఆ ఒక్క పూట చెయ్యి తప్పిందేమోనని సర్దిచెప్పుకున్నాను. నీ డిసెంబరు ఉత్తరం చూశాక ఒక్క పూట కాదని అర్థమైంది. అప్పుడైనా రాయాల్సింది. నీ అంతట నువ్వే కనిపెట్టుకుంటే నీ పరువు దక్కుతుందనుకున్నాను. నీ పరువు కాపాడబోయి ఆ మనిషి ప్రాణం పోగొట్టాను. నువ్వు ఏమన్నా పడతాను.

పడవలు మళ్ళీ రోజూ తిరుగుతున్నాయి. శనివారం వస్తున్నాను. ముందు హత్సుగారి గుమ్మంలో తల వంచి, ఆ తర్వాత నీ దగ్గరికి వస్తాను. చారు కాచి ఉంచు. ఈసారి నేను చెబుతాను.

మినె


కితకత,
ఏప్రిల్ చివర

అక్కకు,

నువ్వు క్షేమంగా చేరావని బావ కార్డు రాశాడు.

మూసిన దుకాణంలో మనిద్దరమే కూర్చుని, నువ్వు ఒక్కొక్క గిన్నే రుచి చూసి "ఉప్పు", "ఇంకా ఉప్పే", "ఇది మరీ చప్పన" అంటుంటే నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చివరికి "ఇదీ" అన్నావు. గరిటె లోపల ఆ కొలత దగ్గర గీత గీశాను. నీ మీద కోపం పోయిందని అబద్ధం చెప్పను. తగ్గింది.

నువ్వు చెప్పినట్టే కాగితం రాసి గుమ్మం పక్కన అంటించాను. "నాకు వాసన తెలియదు. రుచిలో తేడా ఉంటే దయచేసి చెప్పండి" అని. ఊరు ఊరంతా చదివింది. దాంతో దుకాణం పోతుందని భయపడ్డాను గానీ, పోలేదు.

ఈ రోజు తెర కట్టాను. అందరూ వచ్చారు. నిహేయ్ గారి స్టూలు వదిలేసి అటూ ఇటూ సర్దుకుని కూర్చున్నారు. గీత దాటకుండా కొలిచి పోశాను. నువ్వు ఒప్పుకున్న చారే అది, అణువంత తేడా లేదు. నాన్నలాగే నేను కూడా వీపు తిప్పుకుని ఉల్లికాడలు తరుగుతూ విన్నాను. జుర్రుకున్నారు. ఎంత గట్టిగా జుర్రుకున్నారంటే వీధిలోకి వినబడి ఉంటుంది. నాన్న ఉన్నప్పుడు కూడా అంత చప్పుడు లేదు. నాన్న చెవి సంగతి వాళ్ళందరికీ తెలుసు కదా.

ఒక్కొక్కరే గిన్నె ఎత్తి గట్టు మీద పెట్టారు. అన్నీ ఖాళీయే. మాస్టారిని ఆపి, "ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఎలా ఉంది?" అన్నాను. కాగితం కేసి ఒకసారి చూసి, తల వంచి, "చాలా బావుంది" అన్నాడు.

బాగుండే ఉంటుంది. కానీ గిన్నెలు కడుగుతూ ఎంత ఆలోచించినా, వాళ్ళు చారు బాగుండి తాగారో, నా మొహం చూసి తాగారో నాకు తెలియలేదు. ఇక ఎప్పటికీ తెలియదు అక్కా.

ఇసావో